ఆ దీవి ఖాళీది కాదు (అంచుల చరిత్ర – 19)



పోటీ పరీక్షలకు చదివే మన పిల్లలందరికీ కంఠతా వచ్చిన ప్రశ్న ఒకటుంది. రాకెట్ ప్రయోగ కేంద్రాన్ని శ్రీహరికోటలోనే ఎందుకు పెట్టారు? జవాబులో మూడు ముక్కలుంటాయి. తూర్పున సముద్రం ఉంది. భూమధ్యరేఖకు దగ్గర. మనుషులు పెద్దగా లేని దీవి. మార్కులు వేసేస్తారు.

మొదటి రెండు ముక్కలు భౌతికశాస్త్రం. మూడోది చరిత్ర. మనం మూడింటినీ ఒకే గుక్కలో చదివేస్తాం గనుక ఆ తేడా మనకు కనపడదు. సముద్రం తూర్పున ఉండటం ప్రకృతి చేసిన పని. మనుషులు లేకపోవడం మాత్రం ప్రకృతి చేసిన పని కాదు. ఈ వారం ఆ మూడో ముక్క గురించి మాట్లాడుకుందాం.

ముందు శాస్త్రాన్ని గౌరవంగా అర్థం చేసుకుందాం. భూమి పడమటి నుంచి తూర్పుకు తిరుగుతుంది. శ్రీహరికోట ఉన్న అక్షాంశం దగ్గర, అంటే ఉత్తరానికి 13.7 డిగ్రీల దగ్గర, ఆ తిరుగుడు వేగం సెకనుకు సుమారు 450 మీటర్లు. రాకెట్‌ను తూర్పు వైపు వదిలితే ఆ వేగం ఉచితంగా కలిసివస్తుంది. వాడేసిన దశలు కింద పడితే బంగాళాఖాతంలో పడతాయి, ఊళ్ల మీద పడవు. భారీ వర్షాలు అక్టోబర్, నవంబర్ నెలల్లోనే ఎక్కువ గనుక ఏడాదిలో చాలా రోజులు ఆకాశం తెరిపిగా ఉంటుంది. ఇవన్నీ నిజాలే. దక్షిణ భారత తూర్పు తీరంలో ఇంత అనువైన చోటు దొరకడం మామూలు విషయం కాదు.

ఇప్పుడు అక్కడికి పోదాం. మన మంచిర్యాల, రామగుండం, పెద్దపల్లి మీదుగా పోయే ఢిల్లీ–చెన్నై రైలు పట్టాలే వరంగల్, విజయవాడ, నెల్లూరు, గూడూరు దాటి సూళ్లూరుపేట మీదుగా చెన్నైకి పోతాయి. పెద్దపల్లిలో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి గూడూరు. అక్కడి నుంచి సూళ్లూరుపేట దగ్గరే. చిన్న పట్నం. పక్కన కాళంగి నది, ఒడ్డున చెంగాళమ్మ గుడి, తూర్పున పులికాట్ సరస్సు. సరస్సు మధ్యలో వేసిన రోడ్డు మీద అటకానితిప్ప దాటి పోతే శ్రీహరికోట దీవి. దానికి ఆవల సముద్రం.

2023 జులై 14న, చంద్రయాన్-3 ప్రయోగం రోజు, నలుగురు విద్యార్థులతో కలిసి నేను ఆ ఊళ్లో ఉన్నాను. లోపల సందర్శకుల గ్యాలరీకి మాకు చోటు దొరకలేదు. ఆ గ్యాలరీ 2019 ఏప్రిల్ 1న పీఎస్ఎల్వీ-సీ45 ప్రయోగంతో ప్రజలకు తెరుచుకుంది. ముందుగా పేరు నమోదు చేసుకోవాలి, గుర్తింపు కార్డు చూపాలి. చోటు దొరకనివాళ్లు మాలాగే ఊళ్లో మిద్దెల మీద, రోడ్ల పక్కన నిలబడతారు. ఆ మధ్యాహ్నం ఎండ పెళపెళలాడుతోంది. పులికాట్ చాలా మేర ఎండిపోయి నెర్రెలిచ్చి ఉంది. బెంగళూరు నుంచి, చెన్నై నుంచి కార్లలో వచ్చినవాళ్లు, స్కూలు యూనిఫాంలో వచ్చిన పిల్లలు, మజ్జిగ అమ్మేవాళ్లు, జెండాలు అమ్మేవాళ్లు. జాతరకు తక్కువేం కాదు.

2 గంటల 35 నిమిషాలకు చెట్ల పైన ఒక నారింజ రంగు వెలుగు లేచింది. 640 టన్నుల బరువున్న రాకెట్ చప్పుడు లేకుండా పైకి పోతోంది. మా పిల్లలకు ముందు అర్థం కాలేదు. టీవీలో అయితే మంట, మోత ఒకేసారి వస్తాయి కదా. గాలిలో ధ్వని కిలోమీటరు దూరం రావడానికి దాదాపు మూడు సెకన్లు పడుతుంది. మేం నిలబడ్డ చోటు ప్రయోగ వేదికకు ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. అంటే చూసిన నిమిషానికి గాని వినపడదు. రాకెట్ అప్పటికే చాలా పైకి పోయింది. అప్పుడొచ్చింది మోత. కాళ్ల కింది నేల సన్నగా వణికింది. నా పక్కనున్న కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లా పోరడు కళ్లు తుడుచుకున్నాడు. నాకూ గొంతు పట్టేసింది. ఆ ఆనందం అబద్ధం కాదు. దాన్ని తక్కువ చేయడానికి ఈ వ్యాసం రాయట్లేదు.

రాకెట్ పోయాక జనం పలచబడుతుండగా ఒక టీకొట్టు దగ్గర ఒక ముసలవ్వతో మాట కలిసింది. చెట్టు నీడన కూచుని ఉంది. యానాది మనిషి. మేం ఎక్కడివాళ్లమో అడిగింది. కరీంనగర్ అంటే ఆమెకు తెలియదు. "అంత దూరం నించి మా కోట చూసేదానికి వచ్చినారా నాయనా" అంది. "మీ కోటా అవ్వా?" అని అడిగాను. "మాదే మరి. మాయమ్మ ఆడనే పుట్టింది. ఇప్పుడు ఆడికి పోవాలంటే కార్డు చూపించాల" అంది. కోపం లేదు. ఎండ ఎక్కువుంది అన్నట్టే చెప్పింది. రాకెట్ పోతుంటే నువ్వూ చూస్తావా అని మా పిల్ల ఒకతి అడిగింది. "చూడకేం? బలే ఉంటాది. పైకి పోయినోళ్లకు కింద మా కోట కనపడతాదా?" అని తిరిగి అడిగింది.

ఈ ప్రశ్న గుర్తు పెట్టుకోండి. కింద దీని దగ్గరికి మళ్లీ వస్తాను.

ఆమె "మా కోట" అన్న మాటకు రాతలో ఆధారం ఉందా? ఉంది. యానాదుల మాటను నమ్మనివాళ్లు కనీసం దొరల కాగితాలను నమ్ముతారు గనుక ఆ కాగితాలే చూద్దాం. శ్రీహరికోట అడవి 1835లో కంపెనీ ప్రభుత్వం చేతికి వచ్చింది. అప్పటికే అక్కడ యానాదులు ఉన్నారు. వాళ్లు అడవి సరుకు తెచ్చిస్తే ప్రభుత్వం బదులుగా తిండిగింజలిచ్చే పద్ధతి నడిచింది. తేనె, కుంకుడుకాయలు, చిరివేరు అందులోవి. చిరివేరు అంటే బట్టకు ఎర్రరంగు ఇచ్చే వేరు. మన కలంకారీ బట్టల ఎరుపు గురించి పుస్తకాలు రాసినవాళ్లున్నారు. ఇసుకలో ఆ వేరును తవ్వి తీసిన చేతుల గురించి ఎంతమంది రాశారు?

1901లో మద్రాసు మ్యూజియం బులెటిన్‌లో టి. రంగారావు నెల్లూరు జిల్లా యానాదుల మీద ఒక అధ్యయనం అచ్చు వేశారు. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ ఏడు సంపుటాల కులాల పుస్తకంలో యానాదులకు పెద్ద చోటే ఇచ్చాడు. ఈ రాతల్లో వాళ్లను కొలతలు వేసి, వర్ణించి, వింత మనుషుల్లాగా చూపించారు. ఆ చూపును మనం ఒప్పుకోనక్కర్లేదు. కాని ఒక్క విషయం ఆ రాతలు తిరుగులేకుండా చెబుతున్నాయి. రాకెట్ అనే మాట ఆ దీవికి చేరడానికి కనీసం నూట ముప్పై ఏళ్ల ముందే అక్కడ మనుషులున్నారు. ఆ దీవి ప్రభుత్వానికే మనుషులతో కలిపి దక్కింది.

ఆ తరువాతి కథ మన బహుజనులకు బాగా తెలిసిన కథ. అడవి రిజర్వు అయింది. సర్వీ, యూకలిప్టస్ తోటలు పెరిగాయి. దీవి కట్టెల దీవిగా మారింది. తేనె తీసే మనిషి కట్టె కొట్టే కూలీ అయ్యాడు. ఇంకోపక్క నేరస్థ తెగల చట్టం. 1871లో ఉత్తర భారతంలో మొదలైన ఆ చట్టం 1911 తర్వాత మద్రాసు రాష్ట్రంలోకీ వచ్చింది. యానాదుల్లో కొన్ని సమూహాల మీద కూడా ఆ ముద్ర వేశారు. పుట్టుకతోనే దొంగ అని ఒక మనిషిని కాగితం మీద రాయడం ఎంత ఘోరమో, వాడ పిల్లలకు విడిగా చెప్పక్కర్లేదు. 1952లో ఆ చట్టం రద్దయింది. ఆ పోరాటంలో ముందున్న వెన్నెలకంటి రాఘవయ్య 1962లో యానాదుల మీద పుస్తకం రాశారు. అంటే దీవి సేకరణకు ఆరేడేళ్ల ముందు కూడా, చదువుకున్న లోకానికి యానాదులు ఎవరో తెలుసు. తెలియక జరిగింది అనే సాకు ఇక్కడ పనికిరాదు.

1968లో విక్రమ్ సారాభాయ్ తూర్పు తీరంలో చోటు వెతకమన్నారు. ఆ పని చేసింది ఏక్‌నాథ్ చిట్నిస్. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చురుగ్గా సహకరించింది. 1969 నాటికి శ్రీహరికోట ఖరారైంది. మన పెద్దలకు 1969 అంటే వేరే యాది ఉంటుంది. హైదరాబాద్ వీధుల్లో తెలంగాణ విద్యార్థుల మీద తుపాకులు పేలిన ఏడాది అది. అదే ప్రభుత్వం, అదే ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి, అదే కాలం. ఒకచోట నీళ్లు, ఉద్యోగాలు అడిగినవాళ్లు ప్రభుత్వానికి కనపడ్డారు, కాబట్టి కాల్పులు జరిగాయి. ఇంకోచోట అడగడం ఎలాగో కూడా తెలియనివాళ్లు ఎవరికీ కనపడలేదు, కాబట్టి కాల్పుల అవసరమే రాలేదు.

కేంద్రానికి దక్కిన నేల 43 వేల ఎకరాలకు పైగా, అంటే సుమారు 175 చదరపు కిలోమీటర్లు. 1971 అక్టోబర్ 9న రోహిణి-125 అనే చిన్న రాకెట్‌తో అక్కడ ప్రయోగాలు మొదలయ్యాయి. దీవిలోని ఊళ్లు లేచిపోయాయి. యానాది కుటుంబాలు కొన్ని సూళ్లూరుపేట చుట్టుపక్కలకు చేరాయి. కొన్ని అక్కడే కేంద్రంలో కూలీలుగా మిగిలాయి.

ఇంత తేలిగ్గా ఎలా జరిగింది? ఇక్కడ చట్టం తెలుసుకోవాలి. అప్పుడు అమల్లో ఉన్నది 1894 నాటి భూసేకరణ చట్టం. నేల మీద కాగితం ఉన్నవాడికి అది పరిహారం ఇస్తుంది. చెట్టు మీద తేనెపట్టుకు, కాలువలో చేపకు, ఇసుకలో వేరుకు పట్టా ఉండదు. నాలుగు తరాలు అక్కడ బతికినా కాగితం లేకపోతే ఆ మనిషి ఆ చట్టానికి మనిషే కాదు. అడవి హక్కులను గుర్తించిన చట్టం 2006లో గాని రాలేదు. అప్పటికి దీవి చేతులు మారి 35 ఏళ్లు దాటింది.

ఇంకో సంగతి మన ఆదిలాబాద్ పిల్లలు తప్పక తెలుసుకోవాలి. మన దగ్గర గోండు, కోలాం గూడేలు ఉన్న చాలా ప్రాంతం రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద ఉంది. అక్కడ గిరిజనేతరులు భూమి కొనకుండా 1/70 చట్టం అడ్డం నిలబడుతుంది. ఆ రక్షణ ఊరికే రాలేదు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం ప్రాణమిస్తే, ఆ తర్వాత నిజాం ప్రభుత్వం ఉలిక్కిపడి హైమెన్‌డార్ఫ్‌ను పంపితే, మెల్లగా ఒక చట్టపు కంచె తయారైంది. ఆ కంచె ఎంత చిల్లులు పడిందో 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో చూశాం. అయినా కంచె అంటూ ఒకటుంది. నెల్లూరు జిల్లాలో షెడ్యూల్డ్ ప్రాంతమే లేదు. యానాదులు షెడ్యూల్డ్ తెగ. మనుషులు షెడ్యూల్డ్, వాళ్ల నేల మాత్రం కాదు. మైదానాల్లో, తీరంలో, ఊరి చివర చెరువు గట్ల మీద చెదిరి బతికే ఐదు లక్షల మందికి పైగా ఉన్న తెగకు ఈ దేశంలో మాది అని గీత గీసి చూపించే చోటు లేదు. ఉన్న ఒక్క పెద్ద చోటు ఆ దీవి.

దూరంగా ఉన్న వాళ్ల కథ మనకెందుకు అనే మిత్రులుంటారు. మా అమ్మమ్మ వాళ్ల ఊరు ఒక రిజర్వాయర్ కింద పోయింది. ఊరికి పట్టా ఉన్నవాళ్ల లెక్క వేరుగా తేలింది, మా వాడ లెక్క వేరుగా తేలింది. కైకిలి పోయిన చేలు కూడా మునిగాయి. కాని కైకిలికి పరిహారం ఏ కాలంలోనూ రాయలేదు. అందుకే యానాది అవ్వ మాట నాకు పరాయి మాటలా వినపడలేదు.

సరస్సు మీద బతికేవాళ్ల సంగతి కూడా చూడాలి. ప్రయోగం ఉన్నప్పుడు భద్రత కోసం ఆ మేర సముద్రంలోకి పోవద్దని మత్స్యకారులకు ముందే చెబుతారు. రాకెట్ వాయిదా పడితే ఆ రోజు కూలి కూడా వాయిదా పడుతుంది. పులికాట్‌లో కులం నీళ్లలో కూడా ఉంది. 'పాడు' అనే పాత పద్ధతిలో మంచి చేపలు, రొయ్యలు దొరికే చోట్లను వంతుల వారీగా పంచుకుంటారు. ఆ వంతు చేపలు పట్టే కులంలో పుట్టినవాళ్లకే. తమిళనాడు వైపున దళితులు, ఇరుళర్లు ఆ వంతులకు వెలుపలే. కాబట్టి రాకెట్ రాకముందు అక్కడ సమానత్వం వెల్లివిరిసింది అని కలలు కనొద్దు. కులం ముందే ఉంది. రాకెట్ కోసం గీసిన కంచె దాని మీద పడింది.

ఇది ఒక్క మన దేశపు కథా? కాదు. రాకెట్‌కు సముద్రపు ఒడ్డు కావాలి, భూమధ్యరేఖ దగ్గర కావాలి, మనుషులు తక్కువుండాలి. ప్రపంచంలో అలాంటి చోట్లలో ఎవరుంటారు? 1963 నవంబర్ 21న మన దేశంలో మొదటి రాకెట్ లేచిన తుంబలో బెస్తల పల్లె ఉంది, మేరీ మగ్దలీన్ చర్చి ఉంది. బిషప్ పెరీరా పెద్దమనసుతో చర్చి ఇచ్చారని మనం గొప్పగా చెప్పుకుంటాం. ఇల్లు వదిలిన బెస్తవాళ్లలో ఒక్కరి పేరు చెప్పగలమా? ఫ్రాన్స్ అల్జీరియాను వదులుకోవాల్సి వచ్చాక తన రాకెట్లను దక్షిణ అమెరికాలో తన వలస అయిన గయానాకు, కూరూ అనే చోటుకు తీసుకుపోయింది. అక్కడ మల్మనూరీ అనే ఊరి క్రియోల్ రైతులు లేచిపోవాల్సి వచ్చింది.

ఇప్పుడు మనకు చాలా దగ్గరైన ఉదాహరణ. 1969 జులై 15. అపోలో-11 బయల్దేరడానికి ఒక్క రోజు ముందు. మార్టిన్ లూథర్ కింగ్ సహచరుడు రాల్ఫ్ అబర్నతి పేద నల్లజాతి కుటుంబాలను వెంటబెట్టుకుని, కంచరగాడిదల బండ్లతో ఫ్లోరిడాలోని ప్రయోగ కేంద్రం దగ్గరికి వచ్చాడు. నాసా అధిపతి థామస్ పెయిన్ బయటికి వచ్చి వాళ్లతో మాట్లాడాడు. చంద్రుడి మీదకు వెళ్లడానికి పెట్టే ఖర్చును ఆకలి తీర్చడానికి పెట్టాలని అబర్నతి అడిగాడు. బటన్ నొక్కకపోతే పేదరికం పోతుందంటే మేం నొక్కం అన్న అర్థంలో పెయిన్ జవాబిచ్చాడు. వాళ్లలో కొందరికి మరునాడు ప్రముఖుల వరుసలో కూచుని ప్రయోగం చూసే ఏర్పాటు చేశాడు. అబర్నతి ఆ వ్యోమగాముల క్షేమం కోసం ప్రార్థన చేశాడు.

ఈ ఘట్టాన్ని చాలామంది రాజీగా చదువుతారు. నేను అలా చదవను. అబర్నతి రెండు పనులు ఒకేసారి చేశాడు. లెక్క అడిగాడు, రాకెట్‌ను కూడా తనదనుకున్నాడు. గేటు దగ్గర నిలబడి లెక్క అడగడం వేరు, గేటు లోపల కుర్చీ అడగడం వేరు. మనకు రెండూ కావాలి.

రాకెట్టా, అన్నమా అనే ప్రశ్న మనది కాదు. బాబాసాహెబ్ యంత్రాన్ని తిట్టలేదు. గాంధీ యంత్ర విమర్శకు జవాబిస్తూ, తప్పు యంత్రానిది కాదు, దాని ఫలాలను కొందరికే కట్టబెట్టే సమాజానిది అని వాదించారు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూస్తూ దామోదర్ లోయ పథకానికి దారి వేసినవాడు ఆయన. 1977 నవంబర్‌లో దివిసీమ ఉప్పెనలో పది వేల మందికి పైగా చనిపోయారు. వాళ్లలో గుడిసెల్లో ఉన్న కూలీలే ఎక్కువ. 2013 అక్టోబర్‌లో ఫైలిన్ తుపాను అంతకు తక్కువది కాకపోయినా మరణాలు పదుల్లోనే ఆగాయి. ఉపగ్రహం ముందే చూసింది, లక్షల మందిని ముందే తరలించారు. ఉపగ్రహం మనవాళ్ల ప్రాణం కాపాడుతుంది. కాబట్టి అది మనది కూడా.

మనదైతే అడగాలి. అడగాల్సిన మొదటి ప్రశ్న ఆ అవ్వ అడిగిందే. పైనుంచి కింద కనపడతదా?

కనపడతది. మన ఆదిలాబాద్ పోడు రైతును అడగండి. అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబర్ 13 నాటికి ఆ నేల సాగులో ఉండాలి. ఆ రోజు అక్కడ దున్నినట్టు గోండు రైతు దగ్గర రసీదు ఉంటుందా? ఉండదు. అప్పుడు అధికారి ఉపగ్రహ చిత్రం తీస్తాడు. ఆ చిత్రంలో పచ్చగా కనపడితే అడవి, బోడిగా కనపడితే సాగు. చెట్ల మధ్య జొన్న వేసుకున్నవాడు, ఒక ఏడు బీడు వదిలినవాడు చిత్రంలో మాయమైపోతాడు. 2012లో సవరించిన నియమాలు స్పష్టంగానే ఉన్నాయి. ఉపగ్రహ చిత్రం ఇతర సాక్ష్యాలకు తోడుగా ఉండాలి తప్ప వాటికి బదులు కాకూడదు. గ్రామసభ మాట, పెద్దల వాంగ్మూలం కూడా సాక్ష్యమే. కాని దరఖాస్తు తిరస్కరించేటప్పుడు ఈ నియమం ఎందరు అధికారులకు గుర్తుంటుంది? అడవిలో బతికే దళితుల పరిస్థితి ఇంకా అన్యాయం. గిరిజనేతరులు గనుక 75 ఏళ్ల నివాసం రుజువు చేయాలి.

2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో పోడు పట్టాల పంపిణీ మొదలైంది. రాష్ట్రంలో సుమారు లక్షన్నర మందికి ఇస్తామన్నారు. సరిగ్గా రెండు వారాలకు చంద్రయాన్-3 లేచింది. నా పక్కన కళ్లు తుడుచుకున్న పోరడి తండ్రికి ఆ పట్టా రాలేదు. ఒకే ఆకాశం. కాగితం లేదని ఒక తెగను లేపేసిన దీవి మీంచి లేచే ఉపగ్రహాలు, ఇప్పుడు ఇంకో తెగకు కాగితం ఇవ్వాలా వద్దా అని చెప్పే సాక్షులయ్యాయి. సాంకేతికత అబద్ధం ఆడదు. దాన్ని ఎవరి తరఫున సాక్ష్యం చెప్పమని పిలుస్తున్నారన్నదే అసలు ప్రశ్న.

రెండో ప్రశ్న, లోపల ఎవరున్నారు? చంద్రయాన్-3కి ముందు నమూనాను తిరుమలకు తీసుకెళ్లారు. ఇస్రో అధిపతి సూళ్లూరుపేట చెంగాళమ్మ గుడికి కూడా పోయారు. చెంగాళమ్మ గ్రామదేవత. శూద్రుల, అతిశూద్రుల చేతుల్లో పెరిగిన తల్లులు ఈ గ్రామదేవతలు. దేవతకు గౌరవం దక్కింది, మంచిదే. ఆ దేవతను కొలిచిన కులాల పిల్లలు కంట్రోల్ రూంలో ఎందరున్నారని అడిగితే మాత్రం ప్రతిభ గురించి ఉపన్యాసం మొదలవుతుంది. కేంద్ర ప్రభుత్వ నియమాల్లో, గ్రూప్-ఏలో మొదటి మెట్టు దాటిన తర్వాత పరిశోధన చేసే, పరిశోధనను నడిపించే శాస్త్ర సాంకేతిక పోస్టులకు రిజర్వేషన్ నుంచి మినహాయింపు ఉంది. ఈ సంగతి మన ఇంజనీరింగ్ పిల్లల్లో చాలామందికి తెలియదు. కంచె దీవి చుట్టూనే కాదు, మెట్ల మీద కూడా ఉంది.

ప్రమాదంలో మాత్రం ఏ కంచె అడ్డం రాదు. 2004 ఫిబ్రవరి 23న శ్రీహరికోటలో ఘన ఇంధన విభాగంలో పేలుడు జరిగి ఆరుగురు చనిపోయారు. ప్రయోగం రోజు చప్పట్లు కొట్టేవాళ్లలో వాళ్లను తలుచుకునేవాళ్లెందరు?

ఆశ లేదా? ఉంది. 2022 ఆగస్టు 7న ఎస్ఎస్ఎల్వీ అనే చిన్న రాకెట్ తొలిసారి లేచింది. అందులో ఆజాదీశాట్ ఉంది. దేశంలోని 75 ప్రభుత్వ పాఠశాలల నుంచి 750 మంది ఆడపిల్లలు దాని భాగాలు తయారు చేశారు. ప్రభుత్వ బడిలో ఎవరి పిల్లలు చదువుతారో మనకు తెలుసు. వాళ్లలో చాలామంది శ్రీహరికోటకు వచ్చి స్వయంగా చూశారు. గుండ్రటి కక్ష్య బదులు రాకెట్ ఉపగ్రహాన్ని సాగిన కక్ష్యలో వదిలింది. ఒక కొస భూమికి 76 కిలోమీటర్ల దగ్గరకు వచ్చేసింది. ఉపగ్రహం నిలవలేదు. ఆ పిల్లల కష్టం రెండోసారి 2023 ఫిబ్రవరి 10న ఎస్ఎస్ఎల్వీ-డీ2 మీద పైకి పోయింది. ఈసారి నిలిచింది. గ్యాలరీలో నిలబడి చూడటానికి, తాను బిగించిన భాగం పైకి పోతుంటే చూడటానికి ఎంత తేడా ఉంది? మన పోరాటం ఆ తేడా కోసమే.

విద్యార్థి మిత్రులకు నా మాటలు సూటిగా.

శ్రీహరికోట టూర్ తప్పకుండా పోండి. మన గురుకులాల పిల్లలను తీసుకుపోండి. ఆ మోత వినాలి, ఆ నేల వణుకు తెలియాలి. సూళ్లూరుపేటలో ఒక పూట ఎక్కువ ఉండి యానాది కాలనీకి కూడా పోండి. ఫొటోల కోసం కాదు, వినడానికి. ముసలివాళ్లు ఇంకా కొందరే ఉన్నారు. దీవి గురించి వాళ్ల మాట వాళ్ల యాసలోనే రికార్డు చేసి పెట్టండి. తెలుగు ఎం.ఏ., పీహెచ్‌డీ పిల్లలకు ఇంతకంటే మంచి అంశం నేను చూపలేను.

సందర్శకుల గ్యాలరీలో రాకెట్ల నమూనాలు ఉన్నాయి, శాస్త్రవేత్తల పేర్లు ఉన్నాయి. 2002లో ఆ కేంద్రానికి సతీశ్ ధావన్ పేరు పెట్టారు. ఆయన ఆ గౌరవానికి తగినవాడు. ఆ గోడ మీదే ఈ నేల యానాదులది అని ఒక వాక్యం ఉండాలని మనం అడగాలి. వాళ్ల పిల్లలకు ఆ కేంద్రంలో కట్టె కొట్టే పని, ఊడ్చే పని కాకుండా టెక్నీషియన్ శిక్షణలో ముందు వరుస ఇవ్వాలని అడగాలి. ఇది దానం కాదు. నేల ఇచ్చినవాడి వాటా.

ఇదే పద్ధతి మన ఊళ్లకూ వర్తిస్తుంది. తమిళనాడులో కులశేఖరపట్టణం దగ్గర కొత్త ప్రయోగ కేంద్రానికి 2024 ఫిబ్రవరి 28న పునాది వేశారు. మన దగ్గర కవ్వాల్ అడవిలో మైసంపేట, రాంపూర్ గూడేలు పులుల కోసం లేచిపోయాయి. బొగ్గు కోసం, నీళ్ల కోసం, పులి కోసం, రాకెట్ కోసం... కారణం ప్రతిసారీ మంచిదే. లేచిపోయేవాళ్లు కూడా ప్రతిసారీ వాళ్లే. ఏ ప్రాజెక్టు గురించి చదివినా "జనం లేని ప్రాంతం" అనే మాట కనపడితే పెన్సిల్‌తో దాని కింద గీత గీయండి. పక్కన రాయండి: ఎప్పటి నుంచి లేరు? ఎవరు లేకుండా చేశారు?

పరీక్షలో జవాబు ఆ మూడు ముక్కలే రాయండి, మార్కులు కావాలి మనకు. నాలుగోది మన నోట్‌బుక్‌లో ఉండనీయండి.

వచ్చే వారం 20వ భాగంలో సింగరేణి కింద పోయిన దళిత వాడల గురించి.

జై భీమ్.